సత్తెక్కతో గుహలకు

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. నాచారంలో నేను హౌస్‌కీపింగ్ చూసుకునే అపార్టుమెంటులో కరెంటు పోతే అందరికంటే ముందు నా ఫోనే మోగుతుంది, తీసి నా కొంగున కట్టుకున్నది నేనే అయినట్టు. జనరేటరు ఎందుకు అందుకోలేదో చూద్దామని రెండో సెల్లారులోకి దిగాను. పైన ఎండ నెత్తి మాడుస్తోంది, కింద మాత్రం చీకటి, ఉక్కపోత, గోడల్లోంచి ఊరే నీళ్ళ వాసన. తడిసిన రాతికి ఒక వాసన ఉంటుంది, మట్టి వాసనా కాదు, నాచు వాసనా కాదు. అది ముక్కుకు తగలగానే మెట్ల మధ్యలో ఆగిపోయాను. నా కుడిచెయ్యి నేను చెప్పకుండానే ముందుకు చాచుకుని చీకట్లో ఎవరి భుజం కోసమో వెతికింది. అక్కడెవరున్నారు గనక! చేతికి తగిలింది నా కింద పనిచేసే పిల్లలు ఆరేసిన తుడుపుగుడ్డ. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది, రెండిటికీ తీరిక లేకుండా మళ్ళీ ఫోను మోగింది. జనరేటరు వాడికి కబురు పెట్టి పైకి వచ్చానే గాని ఆ రోజంతా సత్తెక్క నా వెనకే తిరిగింది.

సత్తెక్కను మీలో ఎవరూ చూసి ఉండరు. చూసినా ప్రత్యేకంగా గుర్తుండే మనిషి కాదు. ఉప్పల్ పాత ఊరి మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, చెవులకు బరువైన గంటీలు, కుచ్చెళ్ళు ఎప్పుడూ చీలమండలకు పైన. ఒకప్పుడు వాళ్ళింటివాళ్ళు వరి, కూరగాయలు పండించిన పొలాల్లో నేను వచ్చేనాటికే ఇళ్ళు లేచాయి. “మీరు బస్సు దిగేది మా మడిలనే, సూస్కొని దిగుండ్రి, నాట్లు తొక్కుతరు” అని మమ్మల్ని ఆటపట్టించేది. భూమి ఎట్లా పోయిందక్కా అంటే మాత్రం “పోయిన దాని ముచ్చట ఎందుకు, నోరు నొప్పి” అని తేల్చేసేది. నాచారం ఫ్యాక్టరీల్లో ఒకదానిలో, దగ్గుమందు సీసాలకు లేబుళ్ళు అంటించి అట్టపెట్టెల్లో సర్దే ఆడవాళ్ళ లైనుకు ఆమె ఇన్‌ఛార్జి. నేను నల్లగొండ దిక్కు నుంచి పెళ్ళై వచ్చి, పిల్లలు బడికి పోయే వయసు వచ్చాక ఆ లైనులో చేరాను. పోచారంలో ఐటీ వాళ్ళ పెద్ద భవనాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఒక వారం తెలంగాణ బంద్, మరో వారం ఆ బంద్‌లో పోయిన పనిని పూడ్చే ఓవర్‌టైమ్. అట్లా గడిచిన సంవత్సరాలు అవి.

మా లైనులో సీసాలు మోసే బెల్టు ఆగదు. ఒక మనిషి లేచి వెళ్తే ఆ చోట సీసాలు గుంపుగా పోగుపడి కింద పడతాయి. అందుకని సత్తెక్క ఒక పద్ధతి పెట్టింది. భుజం మీద చెయ్యి పడందే సీటు వదలకూడదు. బదులు వచ్చిన మనిషి వెనక నిలబడి నీ భుజం ముట్టాలి, అప్పుడు నువ్వు జరగాలి. దూపై నీళ్ళకు లేవాలన్నా అంతే, ఇంటి నుంచి ఫోనొచ్చినా అంతే. షిఫ్టు అయిపోయి బెల్టు ఆగాక మాత్రం సత్తెక్కే ఆ చివర నుంచి ఈ చివర దాకా నడుస్తూ ఒక్కొక్కరి భుజం ముట్టేది. “లే బిడ్డా, అయిపోయింది” అనేది. బెల్టు ఆగింది కదా, ఇంకా కూర్చోవడం దేనికి అని కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నెల తిరిగేసరికి వాళ్ళూ ఆ చెయ్యి కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళు. పొద్దున లేచింది మొదలు నన్ను ముట్టిన ప్రతి చెయ్యీ ఏదో ఒకటి అడిగేది. అన్నం పెట్టమనో, అంగీ ఉతకమనో, లెక్కలు చెప్పమనో. ఇక చాలు, పొమ్మని చెప్పిన చెయ్యి అదొక్కటే.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. బెల్టు మీద సీసాలు పెట్టే మొదటి సీటులో ఎప్పుడూ లైనులోకెల్లా మెల్లగా పనిచేసే మనిషినే కూర్చోబెట్టేది. ఆమె పెట్టినన్ని సీసాలే కదా మిగతావాళ్ళ ముందుకు వస్తాయి! నేను చేరిన నాటి నుంచీ ఆ సీటు లచ్చమ్మది. లచ్చమ్మ వేళ్ళు కీళ్ళ దగ్గర ఉబ్బిపోయి ఉండేవి. చచ్చిపోయిన కూతురి బిడ్డను సాకుతూ ఆ జీతం మీదే బతికేది. మా మేనేజరు చెడ్డవాడు కాదు, ఆయనకూ పైనుంచి ఒత్తిడి ఉండేది. “ఆ ముసలామెను చివరకు మార్చరాదు సత్తెమ్మా” అని నెలకోసారి అనేవాడు. “ఆమెను ఎనకకు పెడితే ఉరుక్కుంట ఉరుక్కుంట పడిపోతది సార్. ముందట ఉంటే అందరం ఆమె ఎంబడి నడుస్తం” అనేది సత్తెక్క. అడగడం ఆయన పని, వినకపోవడం ఈమె పని అన్నట్టు ఇద్దరూ అంతటితో ఊరుకునేవాళ్ళు.

ఆ రోజుల్లో నా అలసట గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా ఆయన ఉప్పల్ నుంచి రామంతాపూర్‌కు షేర్ ఆటో నడిపేవాడు. మంచివాడే, కాకపోతే ఇంట్లో అడుగుపెడితే మంచినీళ్ళు కూడా చేతికి అందాలి. ఇద్దరు పిల్లలు, ఒక గది, ఎప్పుడొస్తాయో తెలియని నల్లా నీళ్ళు. నాకు జ్వరమొచ్చినా నాకు జ్వరమొచ్చిందని ఇంట్లో అందరికీ గుర్తుచేయాల్సింది నేనే. మా దగ్గర ‘యాష్టకు రావడం’ అని ఒక మాట ఉంది. విసుగు, నీరసం, విరక్తి అన్నీ కలిపి నూరితే వచ్చేది అది. నేను యాష్టకు వచ్చి ఉన్నాను. అట్లాంటప్పుడు ఒకరోజు అన్నాల వేళ క్యాంటీన్‌లో సత్తెక్క నా పక్కన వచ్చి కూర్చుంది.

“ఎండకాలం అయినంక నేను దిగిపోతున్న. లైను నువ్వు సూసుకో పద్మా” అంది.

“నాతోని కాదక్కా.”

“ఎందుకు గాదు?”

“ఇంట్ల అందరి ఫికర్ నాదే. ఈడ గూడ అందరి ఫికర్ నెత్తికెత్తుకోమంటవా? నన్ను నా సీటుల కూసోనియ్యి, సాలు.”

“నువ్వు పట్టకపోతే కాంట్రాక్టరు మనిషిని తెస్తరట.”

“తేనియ్యి.”

ఆమె డబ్బా కడుక్కుని వెళ్ళిపోయింది. కాంట్రాక్టరు మనిషి వస్తే ఏమవుతుందో ఆమె చెప్పనక్కరలేదు. పక్క షెడ్డులో చూశాం. చురుకైన ఆడపిల్లలను మొదటి సీట్లలో పెట్టాడు, అందుకోలేనివాళ్ళను వారం తిరక్కుండా ఇంటికి పంపాడు. మా దగ్గర ముందు పోయేది లచ్చమ్మ, ఆ తర్వాత మరో ముగ్గురు నలుగురు. ఆ సంగతి లచ్చమ్మకూ తెలుసు. నోరు తెరిచి అడగలేదు గాని ఆ మరునాటి నుంచి చిన్న గిన్నెలో నాకు కూర తేవడం మొదలుపెట్టింది. ఒకరోజు చింతచిగురు పప్పు, ఒకరోజు వంకాయ. ఆ కూరలు తింటుంటే నాకు జాలి కంటే చిరాకే ఎక్కువ వచ్చేది. నేనెవరినని నాకు కూరలు తెస్తుంది?

ఏటా మా లైను ఆడవాళ్ళం టూరు పోయేవాళ్ళం. యాదగిరిగుట్ట, వేములవాడ, శ్రీశైలం, ఇట్లా. తెల్లవారకముందు తలస్నానం, ఉపవాసం, క్యూలో కాళ్ళు పీక్కుపోవడం, వాడకట్టులో ఇంటింటికీ పంచడానికి ప్రసాదం మోసుకురావడం. వెళ్ళేముందు కంటే వచ్చాకే ఒళ్ళు ఎక్కువ నొప్పి పుట్టేది. ఆ ఏడు సత్తెక్క అందరినీ కూర్చోబెట్టి, కర్నూలు దాటాక నాపరాళ్ళ సీమలో భూమి లోపల గుహలున్నాయట, అక్కడికి పోదామంది. పక్కనే గుట్ట మీద డేరాలు వేసుకుని పడుకోవచ్చట, ఆమె అన్న కొడుకు దోస్తులతో వెళ్ళి వచ్చాడట.

“ఆడ ఏ దేవుడున్నడక్కా?” అని భాగ్య అడిగింది. భాగ్య నా పక్క సీటు మనిషి, కనిపించిన ప్రతి రాయికీ మొక్కే రకం.

“ఏ దేవుడు లేడు. గందుకే పోతున్నం. గుడికి పోతే మొక్కులు మోసుకపోవాలె, ప్రసాదం మోసుకరావాలె. ఒక్కసారన్న ఉత్త చేతులతోని పోదాం.”

ఇంట్లో చెబితే మా ఆయన చాలాసేపు అర్థం కాని ముఖం పెట్టాడు. “దేవుడు లేని కాడ ఆడోళ్లకు ఏం పని?” అన్నాడు. “పని లేదనే పోతున్న” అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఆయన కూడా ఆశ్చర్యపోయి సరేననేశాడు. పిల్లలను మా ఆడబిడ్డ ఇంట్లో దింపి, శనివారం సాయంత్రం ఉప్పల్‌లో, అందరం కలిసి మాట్లాడుకున్న బస్సెక్కాం.

తెల్లారేసరికి కిటికీలోంచి కనిపించిన నేల చూసి మావాళ్ళ మొహాలు మాడిపోయాయి. పచ్చన అన్నది లేదు. ఎర్రటి దుమ్ము, ముళ్ళకంప, పలకలు పలకలుగా పేర్చిన బండలు. చేలకు కంచెలు కూడా నిలబెట్టిన రాళ్ళే. గాలి పెదవులను ఎండగొట్టేస్తోంది. “ఏముందక్కా గీడ?” అని ఒకామె ఏడుపు గొంతుతో అడిగింది. “ఏం లేదు. మంచిగ లేదా?” అంది సత్తెక్క. టీ తాగి గుహల దగ్గర బస్సు దిగేటప్పుడు సంచులూ ఫోన్లూ అన్నీ బస్సులోనే పెట్టించింది. అన్నది అన్నట్టే ఉత్త చేతులతో పోవాలని ఆమె పట్టుదల. భాగ్య మాత్రం చీర చాటున కొబ్బరికాయ తెచ్చింది. సత్తెక్క దాన్ని లాక్కుని బస్సు సీటు మీద పెట్టింది. “ఎక్కడన్న దేవుడు దొరికితే వచ్చి తీస్కపో” అంది.

గుహ అంటే కొండలో ఉంటుందనుకున్నాం. తీరా చూస్తే చదునైన నేల మీద ఒక పెద్ద గుంత, దానిలోకి మెట్లు. దిగుతుంటే చల్లగా ఉంటుందనుకున్నాం, అదీ తప్పే. లోపల వెచ్చగా, తడిగా, ఆవిరి పట్టినట్టు ఉంది. గొట్టాలతో పైనుంచి గాలి పంపుతున్నారు. పసుపుపచ్చ దీపాల వెలుగులో రాయి మడతలు మడతలుగా, ఉతికి పిండి ఆరేసిన చీరల్లా వేలాడుతోంది. కొన్ని చోట్ల విశాలంగా మా ఫ్యాక్టరీ షెడ్డంత ఉంది, కొన్ని చోట్ల ఒకరి వెనక ఒకరు వంగి పోవాల్సిందే. సత్తెక్క అక్కడా తన పద్ధతి వదల్లేదు. గైడు వెనక లచ్చమ్మ, ఆ తర్వాత మేమంతా, అందరికంటే చివర తాను. పై నుంచి వేలాడే ఒక రాతి కొన నుంచి నీటిబొట్టు పడుతుంటే భాగ్య చేతులు జోడించింది. “దానికెందుకే మొక్కుతవ్? దాని పని అది జేసుకుంటుంది, జేసుకోనియ్యి” అంది వెనకనుంచి సత్తెక్క. అందరం నవ్వాం. ఆ నవ్వు గోడలకు తగిలి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. నా సొంత నవ్వు నేను అంత పెద్దగా విని ఎన్నాళ్ళయిందో అనిపించింది. ఇంట్లో గిన్నెలు తోమలేదన్న సంగతి అక్కడ నాకు గుర్తు రాలేదు. నాకు ఆ గుహ నచ్చింది. నన్ను ఏమీ అడగలేదు గనక నచ్చింది.

అన్నీ చూసి వెనక్కి తిరిగాం. అప్పుడూ సత్తెక్క లచ్చమ్మనే ముందుకు పంపి, తాను చివర నిలబడింది. ఆమె ముందు నేను, నా ముందు భాగ్య. సన్నటి దారిలో ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని వస్తున్నాం. సగం దారిలో కరెంటు పోయింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. గాలి గొట్టాల చప్పుడు ఆగాక తెలిసింది, అంతసేపూ ఆ చప్పుడు ఉందని. “ఎవరూ కదలొద్దమ్మా, ఉన్నచోటే ఉండండి, ఇప్పుడే చూసొస్తా” అని గైడు టార్చిలైటుతో పైకి వెళ్ళాడు. కాసేపటికి నా భుజం మీది చెయ్యి బరువెక్కింది. అంతలోనే జారిపోయింది. వెనక గోడకు ఒళ్ళు రాసుకున్న చప్పుడు. వంగి తడిమితే సత్తెక్క కింద కూర్చుని ఉంది. ఊపిరి లోపలికి తీస్తోంది గాని అది అందుతున్నట్టు లేదు. పిలిస్తే పలకలేదు.

ఆమెను గాలి ఆడే చోటికి తీసుకుపోవాలంటే మా ముందున్న వాళ్ళంతా కదలాలి. పక్కనుంచి ఒక మనిషి ఒరుసుకుని పోగలదేమో గాని, మోసుకుపోవడానికి దారి లేదు. “నడువుండ్రి, ముందుకు నడువుండ్రి, సత్తెక్కకు దమ్మొస్తుంది!” అని అరిచాను. నా అరుపు నాలుగు వైపుల నుంచీ వినిపించింది. ఒక్కరూ కదల్లేదు. రెండోసారి అరిచాను. “కదలొద్దన్నడు గద” అని చీకట్లో ఎవరో. “అక్క ముట్టలే గద” అని భాగ్య. భయానికి బిగుసుకుపోయి, ఏళ్ళ తరబడి ఒంట్లో ఇంకిన అలవాటును పట్టుకుని, మా లైను మొత్తం సీట్లలో కూర్చున్నట్టే నిలబడిపోయింది. బయటివాళ్ళు వింటే నవ్వుతారు. వెనక ఆమె ఊపిరి ఈల వేస్తోంది.

ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. ముందు భాగ్య భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాను. “లే బిడ్డా, అయిపోయింది. నడువు” అన్నాను. నాకంటే పెద్దది భాగ్య, దాన్ని బిడ్డా అన్నాను. భాగ్య గోడకు ఒదిగింది. దాన్ని దాటి తర్వాతి భుజం, ఆ తర్వాతి భుజం. కొన్ని భుజాలు వణుకుతున్నాయి, కొన్ని చెమటతో జారుతున్నాయి. ముట్టిన చోటల్లా బిగుసుకున్న మనిషి వదులవడం నా అరచేతికి తెలిసింది. చివరికి లచ్చమ్మ. “గోడ పట్టుకొని నడువు లచ్చమ్మా, నీ ఎంబడి అందరు వస్తరు” అన్నాను. “గట్లనే బిడ్డా” అని అడుగు వేసింది. నేను వెనక్కి ఒరుసుకుంటూ వెళ్ళి, భాగ్యా నేనూ చెరో రెక్క కింద చెయ్యి వేసి సత్తెక్కను లేపాం. లచ్చమ్మ నడక నత్త నడక. తొందరగా పోవే ముసలిదానా అని అరవాలని నాలుక చివరదాకా వచ్చింది. కానీ ఆ తడి రాళ్ళ మీద, ఆ చీకట్లో మాలో ఒక్కరి కాలు కూడా జారలేదు. పైకప్పులో ఉన్న కన్నంలోంచి ఎండ పడే చోటికి చేరి ఆమెను పడుకోబెట్టాం. ఊపిరి మెల్లగా కుదుటపడింది. పెళ్ళయ్యాక వచ్చిన మేళంలా అప్పుడొచ్చింది కరెంటు. సత్తెక్క కళ్ళు తెరిచి మొదట అడిగింది “లచ్చమ్మ వచ్చిందా?” అనే.

ఊళ్ళో ఒక డాక్టరు చూసి సూది వేసి, భయం లేదన్నాడు. మా బస్సు తిరిగి బయల్దేరేది మరునాడే. నువ్వు కింద గదిలో పడుకో అక్కా అని అందరం బతిమాలాం. వినలేదు. ఎండ తగ్గాక ఆ చిన్న గుట్ట ఎక్కాం. ఎవరూ చెప్పకుండానే ఆమె అందరికంటే ముందుకు వెళ్ళి నిలబడింది. నాలుగు అడుగులు వేసి ఆగేది, మేమంతా ఆగేవాళ్ళం. మొదటిసారి ఆమె వీపు చూస్తూ నడిచాను. ఆ వీపు అంత చిన్నదని అప్పటిదాకా నాకు తెలియదు.

పైన డేరాలు విప్పితే మావాళ్ళకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. “గిది దోమతెరనా?” అని ఒకరు, “మనం లోపటికి దూరాల్నా, గుట్టను దూర్చాల్నా?” అని ఒకరు. లచ్చమ్మ వెనక నుంచి దూరబోయి ఇరుక్కుంటే నలుగురు కలిసి లాగారు. భాగ్య బస్సు నుంచి కొబ్బరికాయ తెచ్చి, ఏ దేవుడికీ చూపించకుండా బండకేసి కొట్టి అందరికీ ముక్కలు పంచింది. నేనూ సత్తెక్కా పక్కన బండ మీద కూర్చున్నాం. పొద్దు కుంకుతోంది.

“దమ్ము ఎన్నేండ్ల సంది ఉందక్కా?” అన్నాను.

“ఉంది గని.”

“మరి గుహలకు ఎందుకు దిగినవ్?”

“మిమ్ముల లోపటికి తోలి నేను బయట కూసుంటనా?” కొబ్బరిముక్క కొరికింది. “అందరి భుజాలు ముట్టినవట. భాగ్య జెప్పింది.”

“ముట్టకపోతే కదిలిన్రా? నువ్వు నేర్పిన సదువే గది!”

ఆమె నవ్వబోయి దగ్గింది. “నిజమే. సీటు ఇడువొద్దని నేర్పిన గని, ఎప్పుడు ఇడిసి ఉరకాల్నో నేర్పలే. అది నువ్వు నేర్పు.”

“నేను ఒప్పుకోలేదక్కా.”

“నేను అడగలే గద.”

నాకు పీకల దాకా కోపం వచ్చింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. డేరా లోపల లచ్చమ్మ ఏదో అన్నది, ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. ఉదయం చీకట్లో నా అరచేతి కింద వణికిన భుజాలు అవే. ఇప్పుడు వాటిని తీసుకుపోయి కాంట్రాక్టరు మనిషి చేతిలో పెట్టడం నావల్ల కాదని నాకు తెలిసిపోయింది. తెలియకపోతే ఎంత హాయిగా ఉండేదో! తిరిగి వచ్చాక మేనేజరు గదికి వెళ్ళి, లైను నేను చూస్తానని చెప్పాను. లచ్చమ్మ మొదటి సీటులోనే ఉంటుందని కూడా చెప్పాను. ఆయన నిట్టూర్చి, “మీరంతా ఒక్కటే” అన్నాడు.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది గాని అది నిజం కాదు. ఇన్‌ఛార్జి అయ్యాక నా అలసట తగ్గలేదు, రెండింతలైంది. ఒకరి మొగుడు తాగి కొడితే నా దగ్గరికే, ఒకరి పిల్లకు ఫిట్స్ వస్తే నా దగ్గరికే, సీసాల లెక్క తప్పితే నా దగ్గరికే. రాత్రి కళ్ళు మూస్తే బెల్టు తిరిగేది. సత్తెక్కను తిట్టుకోని రోజు లేదు. ఫ్యాక్టరీ ఊరవతలికి తరలిపోయే దాకా లచ్చమ్మ మొదటి సీటులోనే కూర్చుంది, చివరి రోజున కూడా నాకు కూర తెచ్చింది. సత్తెక్క రాష్ట్రం వచ్చిన కొత్తల్లో పోయింది, ఆ దమ్ముతోనే. దవాఖానాలో చేర్చారని తెలిసి నేను వెళ్ళేసరికే అయిపోయింది. ఆమె గురించి మా పాతవాళ్ళు కలిస్తే గుహ సంగతే చెప్పుకుంటారు. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది ఒక ఆదివారం.

ఆమె దిగిపోయిన కొన్ని నెలలకు అనుకుంటాను. ఆ వారం లైనులో పెద్ద గొడవైంది, ఇంట్లో అంతకంటే పెద్దది. ఆదివారం పొద్దున పొయ్యి మీద అన్నం గిన్నె అట్లాగే దించి, చెప్పులేసుకుని ఉప్పల్ పాత ఊరికి నడిచాను. ఆమెను కడిగిపారేద్దామని, అనాల్సినవన్నీ అనేసి వద్దామని. అపార్టుమెంట్ల మధ్య ఒక సందులో వాళ్ళకు మిగిలిన రెండు గదుల ఇల్లు. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. “నీ లైను నువ్వే తీస్కో. నా ప్రాణం దీసినవ్ నువ్వు. నాకు యాష్టకొచ్చిందక్కా, నాతోని కాదు” అని నిలబడే అరిచాను. ఆమె నా మొహం కేసి చూసింది. కాదనలేదు, ఓదార్చలేదు, నీవల్ల అవుతుందని కూడా అనలేదు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి చాప పరిచి, తలకిందికి మెత్త వేసింది. “పండుకో” అంది. “నేను పండుకోను రాలే” అన్నాను. “నాకెరికే. పండుకో.”

పడుకున్నాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి గదిలో ఎండ పక్క గోడ మీదికి పోయింది, దుప్పటి కప్పి ఉంది. గుమ్మం దగ్గర మాటలు. మా ఆయన గొంతు. ఆటో వేసుకుని వెతుక్కుంటూ వచ్చాడు. సత్తెక్క గడప మీద అడ్డంగా కూర్చుని ఉంది, నాకు ఆమె వీపే కనిపిస్తోంది.

“పిల్లలు అన్నం తినలేదక్కా, జర లేపు” అంటున్నాడు ఆయన.

“నీకు చేతులున్నయ్ గద బిడ్డా. నువ్వు వెట్టు.”

“ఎప్పటిదాంక పండుకుంటది?”

“లేచేదాంక.”

ఆటో స్టార్టు చేసిన చప్పుడు, అది దూరమైన చప్పుడు విన్నాను. పిలిస్తే ఆమె తిరిగి చూసేది. పిలవలేదు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. మా అమ్మ కూడా నా కోసం అట్లా ఒక గడప కాసిన గుర్తు లేదు. పాపం, ఆమెకు తీరిక ఎక్కడిది. పొద్దు గుంకాక లేచి, టీ తాగి ఇంటికి వెళ్ళాను. లైను గురించి ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. సోమవారం పొద్దున్నే షిఫ్టుకు వెళ్ళాను.

ఇప్పుడు నా చేతి కింద పనిచేసే పిల్లలు చాలామంది జవహర్‌నగర్ నుంచి వస్తారు. కోడి కూయకముందు లేచి, రెండు ఆటోలు మారి వస్తారు. వాళ్ళలో ఒకమ్మాయి, బాలింత, మధ్యాహ్నాలు చీపురు పట్టుకునే తూగుతుంటుంది. నిన్న దాన్ని సామాన్ల గదిలోకి తోలి, తలుపు దగ్గరికి వేసి, ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అపార్టుమెంటు సెక్రటరీ గారు వచ్చారు. మూడో అంతస్తులో మెట్లు తుడవలేదట, ఆ అమ్మాయి ఎక్కడ, పిలవండి అన్నారు. ఆయన తప్పేమీ లేదు, అడగడం ఆయన పని. నేను కుర్చీలోంచి లేవలేదు.

“పండుకుంది సార్” అన్నాను. “లేచినంక వస్తది.”